మైనస్ నలభై చలి, ఊరంతటికీ ఒకటే డీజిల్ పవర్ హౌస్: అల్లుడికి సోలార్, బ్యాటరీలు పెట్టించమని చెప్పవచ్చా?

చెరువుగట్టు మెకానిక్, ఇందుకూరుపేట

అందరికీ నమస్కారం. ఇరవై రెండేళ్లుగా రొయ్యల చెరువుల మీద జనరేటర్లు, చెరువు నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల మోటార్లు బాగుచేస్తూ బతుకుతున్నవాణ్ని. మైపాడు నుంచి గంగపట్నం దాకా ఏ గట్టు మీద ఏ ఇంజను ఉందో, దానికి ఏ జబ్బు ఉందో చూడకుండా చెప్పగలను. ఇప్పుడు అడగబోయేది మాత్రం చెరువు సంగతి కాదు, మా అమ్మాయి సంగతి.

అమ్మాయి నర్సు. పోయిన ఆగస్టులో అల్లుడితో కలిసి కెనడా ఉత్తరాన నునావుట్ అనే ప్రాంతానికి వెళ్లింది. హడ్సన్ అఖాతం పడమటి ఒడ్డున వెయ్యిమంది కూడా లేని ఊరు. మొన్న వీడియో కాల్‌లో చూపించింది, కిటికీకి సగం దాకా మంచు పేరుకుని ఉంది. వాళ్లమ్మ “చెవులు కప్పుకో తల్లీ” అంటుంటే, నేను అడిగిన మొదటి మాట “కరెంటు ఎక్కడి నుంచి వస్తుందమ్మా?” అని. వృత్తి అలవాటు, ఏం చేస్తాం.

“ఊరి చివర డీజిల్ పవర్ హౌస్ ఉంది నాన్నా. గాలి ఇటు తిరిగితే దాని చప్పుడు మా ఇంటికి వినిపిస్తుంది. వేరే ఊరి నుంచి లైను లేదు. అసలు వేరే ఊరికి రోడ్డే లేదు. డీజిలు ఎండాకాలంలో ఓడలో వస్తుంది. ఏడాదికి సరిపడా నింపి వెళ్తారు” అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డీజిల్ ఇంజను ఎంత నమ్మకస్థుడో నాకు తెలియనిది కాదు. మూడేళ్ల క్రితం ఒక రైతు చెరువు మీద తెల్లవారుజామున మూడు గంటలకు కరెంటు పోయింది. కాపలా మనిషి జనరేటర్ తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు టక్కుమని ఊరుకుంది. బ్యాటరీ దిగిపోయింది. నేను మోటారు సైకిల్ వెనక ఇంకో బ్యాటరీ కట్టుకుని చేరేసరికి నలభై నిమిషాలు. టార్చి వేసి చూస్తే రొయ్యలు గట్టు అంచుకు వచ్చి, మీసాలు నీళ్లపైకి పెట్టి తిరుగుతున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ అయిపోయింది. నూట పది రోజుల పంట, వారంలో పట్టుబడి. తెల్లారేసరికి చెరువు తెల్లగా తేలింది. ఆ రైతు ఒక్క మాట అనలేదు, గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

వనామి రొయ్యకు గంట సమయం ఉంటుంది. మైనస్ నలభైలో మనిషికి ఎన్ని గంటలు?

నా ఆలోచన ఇది. నా సొంత షెడ్డు మీద రెండు కిలోవాట్ల ప్యానెళ్లు, రెండు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు, ఒక ఇన్వర్టరు పెట్టుకున్నాను. ఆరేళ్లుగా పోటు లేదు. అలాంటిదే అల్లుడి చేత ఇంటి పక్కన చిన్న షెడ్డు వేయించి పెట్టిస్తే ఎలా ఉంటుంది? డబ్బు నేనే పంపుతాను. అతను లెక్కలు చూసే మనిషి, తీగలు ముట్టుకోడు. అక్కడి చలి తెలిసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి. అక్కడ ఇంజను ఎలా స్టార్టవుతుందో కూడా చెప్పండి. డిసెంబరు రాత్రి పద్దెనిమిది డిగ్రీలకే మా దగ్గర పాత ఇంజన్లు మూలుగుతాయి.

మంచులో మూడేళ్లు, కావలి

అన్నగారూ, నేను ఆ ఉత్తర ప్రాంతాల పవర్ హౌసుల్లో మూడు శీతాకాలాలు ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. అమ్మకు ఒంట్లో బాగాలేక నిరుడు కావలి వచ్చేశాను. మీరు పవర్ హౌస్ గురించి భయపడుతున్నారు. భయపడవలసింది ఇంటి గురించి.

ముందు ఇంజను సంగతి, మీకు అదే ఇష్టం కాబట్టి. నునావుట్‌లో 25 ఊళ్లు. ఏ రెండింటి మధ్యా లైను లేదు, ప్రతి ఊరికీ దాని పవర్ హౌస్ దానిదే. లోపల మూడో నాలుగో ఇంజన్లు ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది చెడిపోయినా మిగిలినవి ఊరి గరిష్ఠ లోడు మోయగలగాలి, లెక్క అలా వేస్తారు. మన చెరువుకు ఒకటే జనరేటర్ ఉండటానికీ దీనికీ పోలిక లేదు.

చలిలో స్టార్ట్ చేయడం అనే సమస్యే అక్కడ రానివ్వరు. ఆగి ఉన్న ఇంజను నీళ్ల జాకెట్టులో హీటరు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. బ్లాకు మీద చెయ్యి పెడితే పసిపిల్లకు పోసే నీళ్లంత వెచ్చగా ఉంటుంది. బయట మైనస్ 38 ఉన్న రోజున లోపల మేము బనియన్ల మీద తిరిగేవాళ్లం. తలుపు తీయగానే లోపలి గాలిలోని తేమ అంతా తెల్లటి పొగలా కాళ్ల దగ్గర దొర్లేది. నాకు మొదటి రోజు ఏదో పైపు పగిలిందని గుండె ఆగినంత పనైంది. పక్కనున్న పెద్దాయన నవ్వి తలుపు వేశాడు, అంతే.

డీజిలు కూడా మన డీజిలు కాదు. డీజిల్లో మైనం ఉంటుంది, చలికి అది గడ్డలు కట్టి ఫిల్టరులో ఇరుక్కుంటుంది. మన బంకుల్లో దొరికేది ఎండాకాలంలో అయితే 15 డిగ్రీల దగ్గరే చిక్కబడవచ్చని ప్రమాణమే ఒప్పుకుంటుంది. దాన్ని అక్కడికి తీసుకెళితే ట్యాంకులోనే నెయ్యి అవుతుంది. అక్కడ వాడేది మైనం బాగా తగ్గించిన శీతాకాలపు డీజిలు, దాదాపు కిరోసిన్‌లా పలచగా ఉంటుంది. సముద్రం కరిగి ఉండేది జులై నుంచి అక్టోబరు దాకా. ఆ నెలల్లోనే ట్యాంకరు ఓడ వస్తుంది. చాలా ఊళ్లకు రేవు లేదు. ఓడ దూరంగా లంగరు వేసుకుని, నీళ్ల మీద తేలే పొడవాటి గొట్టాన్ని ఒడ్డుకు లాగి ఊరి ట్యాంకులు నింపుతుంది. ఒక ఏడాది మంచు గడ్డలు అడ్డం వచ్చి ఓడ పది రోజులు ఆలస్యమైంది. ఊళ్లో అందరూ రోజూ సాయంత్రం ఒడ్డుకు వచ్చి సముద్రం వైపు చూసి వెళ్లేవారు, మన దగ్గర తుఫాను ముందు చూసినట్టు.

మీకు నచ్చే విషయం ఇంకొకటి. లీటరు డీజిల్లో దాదాపు పది యూనిట్ల శక్తి ఉంటే మనకు కరెంటుగా దక్కేది మూడున్నర, నాలుగు యూనిట్లు. మిగిలింది రేడియేటరు నుంచి, సైలెన్సర్ నుంచి గాలిలో కలుస్తుంది. మీ గట్టు మీద అది దండగ. కొన్ని ఉత్తరాది ఊళ్లలో ఆ వేడి నీళ్లను పైపుల్లో తిప్పి బడిని, ఊరి నీళ్ల ట్యాంకును వెచ్చగా ఉంచుతారు. ట్యాంకులో నీళ్లు గడ్డకట్టకుండా ఆపేది ఆ వృథా వేడే.

ఇక అసలు సంగతి. ఇంటిని వెచ్చబరిచేది కరెంటు కాదు, నూనె బాయిలరు. ఇంటి బయట చిన్న ట్యాంకు, లోపల బర్నరు, వేడినీళ్ల పైపులు. కానీ ఆ బర్నరు మోటారుకూ నీళ్లు తిప్పే పంపుకూ కరెంటు కావాలి. కరెంటు పోతే ట్యాంకు నిండా నూనె ఉన్నా ఇల్లు చల్లబడుతుంది. మనిషి దుప్పట్లు కప్పుకుంటాడు, పక్కింటికి పోతాడు, బతుకుతాడు. పైపులు ఎక్కడికి పోతాయి? అక్కడ ఇంటింటికీ లారీతో నీళ్లు పోస్తారు, మురుగు నీళ్లు కూడా లారీయే తోడుకుపోతుంది. ఆ ట్యాంకులు, పైపులు గడ్డకట్టి పగిలితే బాగుచేసే మనిషి విమానం ఎక్కి రావాలి.

ఇంకొకటి, దీన్ని అమ్మాయికి ఈ రోజే చెప్పండి. మంచు తుఫానులో బాయిలరు పొగగొట్టం, గాలి పీల్చుకునే రంధ్రం మంచుతో మూసుకుపోతాయి. అప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఆ గ్యాసును పసిగట్టి మోగే అలారం ఇంట్లో ఉందో లేదో, దాని బ్యాటరీ బాగుందో లేదో చూడమనండి. మీరు పంపాలనుకున్న డబ్బులో మొదటి రూపాయి దానికి.

ఒంగోలు సోలార్

మెకానిక్ గారికి నమస్కారం. ఒంగోలు చుట్టుపక్కల తొమ్మిదేళ్లుగా ఇళ్ల మీద ప్యానెళ్లు బిగిస్తున్నాను. మామూలుగా ఎవరైనా సోలార్ పెట్టాలనుకుంటే వద్దనే రకం కాదు నేను. మీకు మాత్రం ప్యానెళ్లు వద్దంటాను.

నెల్లూరులో డిసెంబరు చివర మధ్యాహ్నం సూర్యుడు 52 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మీ అమ్మాయి ఉన్న అక్షాంశం 61, 62 అనుకుంటే అదే రోజు మధ్యాహ్నం అయిదారు డిగ్రీలు. అంటే చెయ్యి చాచి మూడు వేళ్లు అడ్డంగా పెడితే ఎంతో అంత. అదీ అయిదు గంటల సేపు. మీరు భయపడేది జనవరి రాత్రికి, ప్యానెలు పనిచేసేది జూన్ పగటికి. జూన్‌లో అక్కడ పంతొమ్మిది గంటలు వెలుగు ఉంటుంది. అప్పుడు ఓడ కూడా రాబోతుంటుంది, ఎవరికీ భయం ఉండదు.

చలి వల్ల ప్యానెలు చెడిపోతుందని మాత్రం అనుకోకండి. దానికి చలంటే ఇష్టం. రోహిణి కార్తెలో మా ఒంగోలు డాబాల మీద ప్యానెలు 65 డిగ్రీలకు కాలుతుంది, ఉత్పత్తి నూటికి పదిహేను వంతులు అక్కడే పోతుంది. మైనస్ నలభైలో దానికి వోల్టేజి నూటికి ఇరవై వరకు పెరుగుతుంది. ఇక్కడి అలవాటుతో వరసకు ఎన్ని ప్యానెళ్లు కలుపుతామో అన్నీ కలిపితే అక్కడ ఇన్వర్టరు కాలిపోతుంది. ఉత్తరాన ప్యానెళ్లను గోడకు ఆనించినట్టు దాదాపు నిలువుగా నిలబెట్టడం మేలు. మంచు నిలవదు, కింద పరుచుకున్న మంచు మీద పడి తిరిగివచ్చే వెలుగు కూడా అందుతుంది.

బయటి షెడ్డులో బ్యాటరీలు అన్నారు, అక్కడ ఆగండి. లెడ్ ఆసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే మైనస్ 60కి కూడా గడ్డకట్టదు. దిగిపోయిందంటే ఆసిడ్ నీళ్లతో సమానం, మైనస్ పది దగ్గరే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. అంటే మీరు వాడుకున్న మరుక్షణం నుంచి అది ప్రమాదంలో ఉంటుంది. లిథియం పెడదామంటే, సున్నా కన్నా తక్కువలో దాన్ని చార్జి చేయకూడదు. లోపల లిథియం లోహంలా పేరుకుని సెల్లు పాడవుతుంది. ఏ రకమైనా ఇంట్లోనే, వెచ్చగా ఉండాలి.

అలాగని ఉత్తరానికి సోలార్ పనికిరాదని కాదు. ఊరు మొత్తం కలిసి చేస్తే లెక్క వేరు. కెనడాలోనే యూకాన్‌లో ఓల్డ్ క్రో అనే ఊరుంది, ఆర్కిటిక్ వలయానికి పైన. రోడ్డు లేదు, డీజిలు విమానంలో రావాలి. అక్కడి వుంటుట్ గ్విచిన్ ఆదివాసులు 2021లో 940 కిలోవాట్ల సోలార్ పూర్తిచేశారు. ఏడాదికి 1,89,000 లీటర్ల డీజిలు ఆదా అవుతుందని లెక్కగట్టారు. బ్యాటరీలతో కలిపి, ఎండాకాలంలో ఇంజన్లను పూర్తిగా ఆపివేసే వేళలు కూడా ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆగకుండా మోగిన ఇంజను ఆగితే ఆ ఊరికి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. కానీ శీతాకాలంలో అక్కడ కూడా డీజిలే దిక్కు.

రెండో సంవత్సరం ఈఈఈ, నెల్లూరు

ఒక సందేహం. అంత గాలి వీచే చోట, అంత డబ్బున్న దేశం గాలిమరలు పెట్టుకోలేదా? ఇంకా డీజిలు ఏమిటి? చిన్న అణు రియాక్టర్లు కూడా వస్తున్నాయి కదా?

మంచులో మూడేళ్లు, కావలి

పెట్టుకున్నారు తమ్ముడూ. అలాస్కాలో కోట్జెబ్యూ అనే ఊళ్లో 1997 నుంచే గాలిమరలు తిరుగుతున్నాయి. కెనడాలో డయావిక్ వజ్రాల గని 2012లో నాలుగు పెద్ద మరలు పెట్టింది, 9.2 మెగావాట్లు. అణు విద్యుత్తు అంటావా, రష్యా తూర్పు కొసన పెవెక్ ఊరికి 2019 డిసెంబరు నుంచి ఒక ఓడ మీది రియాక్టర్లే కరెంటిస్తున్నాయి. రెండూ కలిపి 70 మెగావాట్లు. వెయ్యిమంది ఊరికి అది దోమ మీద ఏనుగును ఎక్కించినట్టు.

మర నిలబెట్టాలంటే క్రేను కావాలి. ఆ క్రేను కూడా ఓడ మీదే రావాలి, పని కాకపోతే మరుసటి ఏడు దాకా అక్కడే పడి ఉంటుంది. ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే నేలలో పునాది వేయాలి. పైగా ఆ నేల పై పొర వేసవిలో కరిగి కదులుతుంది. రెక్కలకు మంచు పట్టడం మరో తలనొప్పి. మానిటోబా నుంచి ఆ ఒడ్డు ఊళ్లకు 1200 కిలోమీటర్ల లైను వేయాలనే ప్రతిపాదన కూడా ఉంది. డబ్బు ఉండటం ఒకటి, ఆ డబ్బును మైనస్ నలభైలో నిలబెట్టడం ఒకటి.

చెరువుగట్టు మెకానిక్, ఇందుకూరుపేట

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. అలారం సంగతి ఆ రాత్రే చెప్పాను. ఉందట, వంటగది గోడకు. పరీక్షించే మీట నొక్కి మోగించి నాకు ఫోనులో వినిపించింది.

కావలి తమ్ముడిని రెండు అడగాలి. సోలార్ ఎక్కువ పెడితే ఇంజను మీద లోడు తగ్గుతుంది కదా, అప్పుడు మా దగ్గర వచ్చే జబ్బే అక్కడా వస్తుందా? ఇక్కడ కొందరు రైతులు ముందుచూపని చెప్పి పెద్ద జనరేటర్ కొంటారు. పంట మొదట్లో నాలుగు ఏరేటర్లే తిరుగుతాయి. లోడు లేక ఇంజను వేడెక్కదు, డీజిలు పూర్తిగా మండదు. సైలెన్సర్ జాయింటు దగ్గర నల్లటి జిడ్డు, తారులాంటిది కారుతుంది. గుడ్డతో తుడిస్తే గుడ్డ పారేయాల్సిందే, చెయ్యి మూడు రోజులు వాసన కొడుతుంది. రైతు “ఆయిల్ లీకు” అని పిలుస్తాడు. లీకు కాదయ్యా, దానికి పని లేక వచ్చిన రోగం అంటే నమ్మడు.

రెండోది ఎర్తింగు. ఎండాకాలంలో మేము ఎర్త్ గుంటలో ఉప్పు, బొగ్గు వేసి బిందెలతో నీళ్లు పోస్తాం. అక్కడ నేలంతా రాయిలా గడ్డకట్టి ఉంటే ఎర్తు ఎక్కడ దొరుకుతుంది?

మంచులో మూడేళ్లు, కావలి

జబ్బు అదే అన్నగారూ, జిడ్డు కూడా అదే. అందుకే ఇంజనును మూడో వంతు లోడుకు తగ్గకుండా చూసుకోవాలి. ఎండ ఎక్కువ వచ్చిన వేళ సోలార్‌నే తగ్గించుకోవాల్సి వస్తుంది. జనం అడుగుతారు, ఉచితంగా వచ్చే ఎండను ఎందుకు పారబోస్తున్నారని. ఓల్డ్ క్రోలాంటి చోట పెద్ద బ్యాటరీ పెట్టింది అందుకే. ఇంజనును నీరసంగా నడపడం కన్నా పూర్తిగా ఆపేసి, కాసేపు బ్యాటరీ మీద ఊరిని నడపడం మేలు.

ఎర్తింగు గురించి ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు, మీరు అసలైన మెకానిక్. గడ్డకట్టిన నేలకు విద్యుత్ నిరోధం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కడ్డీ దిగ్గొట్టినా పేరుకే ఎర్తు. అందుకని న్యూట్రల్ తీగను స్తంభం స్తంభానికీ కలుపుకుంటూ పవర్ హౌస్ దాకా తెస్తారు, ఫాల్టు కరెంటు నేలను నమ్ముకోకుండా తీగ మీద తిరిగి వస్తుంది. నేను మొదటి నెలలో నిరోధం కొలిచే మెగ్గరు పెట్టి చూసి మీటరు చెడిపోయిందనుకున్నాను.

ఇంటి విషయానికి వస్తే, ఒంగోలు ఆయన చెప్పిందీ నేను చెప్పిందీ కలిపితే మీ ఆలోచనలో సగం నిలబడుతుంది. ప్యానెళ్లు తీసేయండి. షెడ్డు తీసేయండి. బ్యాటరీ ఉంచండి. ఇంట్లో పెట్టే సీల్డు రకం, పవర్ హౌస్ కరెంటుతోనే ఎప్పుడూ నిండుగా ఉండాలి. దాని మీద బల్బులూ ఫోన్లూ కాదు, బాయిలరు ఒక్కటే నడవాలి. బర్నరు, పంపు కలిపి 400 వాట్లు అనుకోండి. మీ షెడ్డులో ఉన్నన్ని బ్యాటరీలే చాలు, సగమే వాడుకున్నా నాలుగు గంటలు లాగుతుంది. నేను చూసిన కరెంటు కోతల్లో ఎక్కువ భాగం అంతలోపే తీరాయి. అయితే ఆ బాయిలరు ఇంటి యజమానిది. అల్లుడు సొంతంగా తీగలు కలపకూడదు, అడిగి, లైసెన్సు ఉన్నవాడితో స్విచ్చి పెట్టించుకోవాలి.

మాజీ జవాను, ఒంగోలు

మాది గిద్దలూరు వైపు, ఇంటికొకరం సైన్యంలో ఉన్న ఊరు. వాహనాల మరమ్మతు విభాగంలో ఉండి లద్దాఖ్‌లో రెండు విడతలు చేశాను. చదువుతుంటే ఆ పొద్దులు గుర్తొచ్చాయి. తెల్లవారి లారీ స్టార్ట్ చేయాలంటే ముందు ఇంజను కింద ఆయిల్ తొట్టెకు మంట చూపించేవాళ్లం. వంటకు పొయ్యి వెలిగించినట్టే, బండికీ ఒక పొయ్యి. మైనస్ 33 దాకా తట్టుకునే డీజిలు లద్దాఖ్‌కు వచ్చింది 2019 నవంబరులో. అంతకుముందు డీజిల్లో కిరోసిన్ కలుపుకోవడమే. లేహ్‌కు శ్రీనగర్ నుంచి పెద్ద కరెంటు లైను వచ్చింది కూడా ఆ ఏడాదే, ఫిబ్రవరిలో.

అమ్మాయికి ఒక్క మాట చెప్పండి. చలికి మూసేసిన గదిలో నిప్పు పెట్టుకుని పడుకోవద్దు. మా బంకరులో బుఖారీ అనే కిరోసిన్ పొయ్యి వెలిగించి పడుకునేటప్పుడు ఒకడు మేలుకుని ఉండాలని నియమం. ఆ నియమం ఎందుకు పుట్టిందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

చెరువుగట్టు మెకానిక్, ఇందుకూరుపేట

మూడు వారాల తరువాత రాస్తున్నాను. మొన్న గురువారం అక్కడ మంచు తుఫాను. గాలికి తీగ తెగి కరెంటు పోయింది. బయట మైనస్ 31. అమ్మాయి డ్యూటీలో ఉంది, ఆరోగ్య కేంద్రానికి సొంత జనరేటర్ ఉంది కాబట్టి ఆమె గురించి భయం లేదు. అల్లుడు ఇంట్లో ఒక్కడే. ఫోను చేస్తే కంగారుగా ఉన్నాడు. కంగారు పడే మనిషికి పని చెప్పాలి, అది నేను కాపలా కుర్రాళ్ల దగ్గర నేర్చుకున్నది. రాత్రిపూట వాళ్ల చేత గంట గంటకూ చెరువులో ఆక్సిజన్ కొలిపించి పుస్తకంలో రాయిస్తాను, నిద్ర పోకుండా. అలాగే “గోడకు థర్మామీటరు ఉందిగా బాబూ, పావుగంటకోసారి చూసి రాయి” అన్నాను.

రాశాడు. లెక్కల మనిషి కదా, గీతలు గీసి మరీ ఫొటో పంపాడు. కరెంటు పోయినప్పుడు 21 డిగ్రీలు. గంటకు 18. రెండు గంటలకు 16. మూడు గంటల పది నిమిషాలకు 14 దగ్గర ఉండగా కరెంటు వచ్చింది. నేను అనుకున్నదానికన్నా చాలా నయం. ఆ ఇళ్ల గోడలు జానెడు మందం, కిటికీలకు మూడేసి అద్దాలట. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానుకు మా ఇంటి పైకప్పు రేకులు పోయి వారం రోజులు చీకట్లో ఉన్నాం. అప్పుడు తడికి వణికాం కానీ గోడ మందం గురించి ఎవరం ఆలోచించలేదు.

కరెంటు పోయిన రెండు గంటలకు పక్కింటి ముసలమ్మ తలుపు కొట్టిందట. ఇతను ఒక్కడే ఉన్నాడని తెలుసు. తమ ఇంటికి తీసుకెళ్లింది. ఒకే గదిలో పదకొండు మంది, మధ్యలో అర్ధచంద్రాకారం రాతి దీపం, అంచు వెంట వరసగా చిన్న చిన్న మంటలు. కుల్లిక్ అంటారట, పూర్వం సీలు కొవ్వు కరిగించి పోసేవారు, వెలుగూ వంటా వేడీ అన్నీ దానితోనే. ముసలమ్మ చిన్న పుల్లతో వత్తిని సర్దుతూ కూర్చుందట. వాకిటి వైపు కిటికీ మాత్రం వేలెడు తెరిచే ఉంచిందని అల్లుడు చెప్పాడు. జవాను గారి మాట నేను చెప్పకముందే ఆమెకు తెలుసు. అల్లుడు మాత్రం ఆ పదకొండు మందిలోంచి లేచి పావుగంటకోసారి ఇంటికి పరుగెత్తి థర్మామీటరు చూసి వచ్చాడు. వద్దని చెప్పడం మరిచిపోయాను, తప్పు నాదే.

బ్యాటరీ సంగతి. ఇల్లు ఇచ్చినవారిని అల్లుడు అడిగాడు. బాయిలరు దగ్గర స్విచ్చి పెట్టించడానికి అభ్యంతరం లేదు, వసంతంలో వచ్చే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడతామన్నారు. కావలి తమ్ముడూ, ఇన్వర్టరు విషయంలో ఒక సందేహం మిగిలింది. బర్నరు మోటారు స్టార్టయ్యేటప్పుడు మూడు నాలుగు రెట్లు కరెంటు లాగుతుంది కదా, అక్కడ 120 వోల్టులు కూడా. వెయ్యి వాట్లది సరిపోతుందా, రెండు వేలది చెప్పమంటావా? ఆ మోటారు పేరు పలక ఫొటో తీయమన్నాను, రాగానే ఇక్కడ పెడతాను.

ఇప్పుడే ఇక్కడ కరెంటు పోయింది. ఇద్దరు రైతుల ఫోన్లు వచ్చేశాయి. వస్తాను.